గురువులు అడిగే మాట

మా అన్న గురువులు రోజూ ఒకే ప్రశ్న అడిగేవాడు. తెప్ప ఒడ్డున ఇసుక తాకగానే ఎదురెళ్లి, మనిషి ముఖం చూడకుండా వల వైపే చూస్తూ, "ఏటి పడ్డాయి?" అనేవాడు. కవళ్లో, నెత్తళ్లో, ఏ చేపలు పడితే వాటి పేరు చెప్పాలి. చెబితే ఆ పేరు తనూ ఒకసారి అనుకుని పక్కకు తప్పుకునేవాడు. చెప్పకపోతే వెంటపడేవాడు. పక్కింటి తాతబాబు ఒకనాడు ఆటపట్టిద్దామని ఏనుగు పడిందన్నాడు. గురువులు వలంతా విప్పించి వెతికి, ఏనుగు లేదని తేలాక గానీ అతన్ని అన్నానికి పోనివ్వలేదు. ఆ తర్వాత మా జాలరిపేటలో ఎవరూ మా అన్నతో అబద్ధమాడే సాహసం చేయలేదు.

గురువులుకు మాటలు బాగా ఆలస్యంగా వచ్చాయి. ఇరవై ఏళ్లు దాటినా అవసరానికి మించి మాట్లాడడు. సంతోషమొస్తే రెండు చేతులూ గాలిలో ఆడిస్తాడు. కంచంలో కూర అన్నానికి తగిలితే ముట్టడు. టపాకాయ పేలితే మంచం కింద దూరి సాయంత్రం దాకా రాడు. మిగతాదంతా మామూలే. వల లాగమంటే లాగుతాడు, నా మీద కోపమొస్తే నా దువ్వెన దాచేస్తాడు.

మా అమ్మ పోతమ్మకు అది మామూలుగా తోచేది కాదు. "నాను పోతే ఈడికెవులు దిక్కు?" అన్నదే ఆమె దిగులు. ఆ దిగులుతో ఎవరేది చెబితే అది చేసేది. అన్న మెడలో తాయెత్తులు చూస్తే తీర్థంలో పూసల కొట్టు గుర్తొచ్చేది. మందు పథ్యమని నాటుకోడి వండి మెత్తటి ముక్కలు వాడికి, మెడా కాళ్లూ నాకూ వేసేది. రోగం వాడికైతే ఈ శిక్ష నాకేమిటని నేను మండిపడేదాన్ని. మా నాన్న దాలయ్య మాత్రం చుట్ట వెలిగించుకుని, ఆడికేటయిందే, బాగానే ఉన్నాడు కదా అనేవాడు. ఆయన మాట ఇంట్లో ఎప్పుడు చెల్లింది గనక.

స్టీల్ ప్లాంటు వస్తుందని ఊరంతా చెప్పుకునే రోజుల్లో తగరపువలస నుంచి ఒక వైద్యుడు వచ్చాడు. గురువులును చూసి, సముద్రపు గాలి తలకెక్కిందనీ, సముద్రం కనబడని చోట ఉంచి తన పొడి తినిపిస్తే బాగవుతాడనీ చెప్పాడు. ఆ గాలే రోగమైతే పేటంతా ఎప్పుడో మంచాన పడాలి! ఆ మాటే అన్నాను. అమ్మ వినలేదు. తగరపువలస సంతలో ఎండుచేపలమ్మే మా పిన్ని గంగాలమ్మ ఇంటికి వాడిని పంపేసింది.

నెల తిరిగేసరికి పిన్ని కబురు పెట్టింది. గురువులు బాగైపోయాడట. చేతులు ఆడించడం లేదట, ఎవరినీ ఏదీ అడగడం లేదట, కూర్చోమన్నచోటే కూర్చుంటున్నాడట. అమ్మ పేటంతా బెల్లం పంచింది. సాయంత్రానికి పెళ్లి మాట కూడా ఎత్తింది.

మర్నాడు పొద్దున్న అమ్మకానికి చేపలు కొందామని అమ్మ ఒడ్డుకెళ్లింది. నేనూ వెంట ఉన్నాను. తాతబాబు తెప్ప ఇసుక తాకింది. దిగుతూనే అతను ఖాళీ ఇసుక వైపు తిరిగి, "కవళ్లురా, గురువులూ" అన్నాడు. అంతలో అమ్మను చూసి సిగ్గుపడి తలపాగా సర్దుకున్నాడు.

"అలవాటైపోనాది పోతమ్మా. ఆడికి సెప్పకపోతే ఒడ్డుకొచ్చినట్టే నేదు."

అమ్మ గంప కింద పెట్టేసింది. ఆ రోజు చేపలు కొననేలేదు. మరుసటి రోజు గంపలో వంజరం చేపలు పెట్టి, పైన గుడ్డ కప్పి, నన్ను తీసుకుని తగరపువలస బస్సెక్కింది.

గురువులు గోడకానుకుని కూర్చున్నాడు. చిక్కిపోయాడు. అమ్మ గంప తెచ్చి వాడి ముందు పెట్టి, అడుగుతాడని చూసింది. వాడు గంప వైపు చూశాడు, మళ్లీ తల వాల్చేశాడు. ఎంత బుద్ధిమంతుడైపోయాడో చూశావా అని పిన్ని మురిసిపోయింది. అమ్మ ముఖం నల్లబడింది.

"ఈడు బాగవ్వనేదే గంగాలూ. ఆరిపోనాడు."

పొడి పొట్లాలు కాలవలో పారేసే పని నేను చేశాను. అంత ఇష్టంగా ఇంకే పనీ చేసి ఎరగను.

ఇంటికి తెచ్చాక కూడా గురువులు అడగలేదు. రోజూ పొద్దున్నే అమ్మ వాడిని ఒడ్డుకు తీసుకెళ్లి కూర్చోబెట్టేది. తెప్పలవాళ్లు జాలిపడి వాడు అడక్కుండానే చేపల పేర్లు చెప్పి వెళ్లేవారు. చేజేతులా బిడ్డను పాడుచేసుకున్నానని అమ్మ సరిగా తినడం మానేసింది. అలా ఎన్నాళ్లో గడిచాయి. ఒకరోజు తాతబాబు ఏ ధ్యాసలో ఉన్నాడో, ఏమీ చెప్పకుండా వాడి పక్కనుంచే నడిచిపోయాడు. గురువులు లేచాడు. వెనకే వెళ్లి తాతబాబు తువ్వాలు పట్టుకుని లాగాడు.

"ఏటి పడ్డాయి?"

తాతబాబు వెనక్కి తిరిగి, "ఏనుగు" అన్నాడు.

ఒడ్డంతా ఒకటే నవ్వు. గురువులు చేతులు ఆడిస్తూ వల విప్పించే పనిలో పడ్డాడు. అమ్మ ఇసుకలో చతికిలబడి నవ్వుతూనే ఏడ్చింది. నేనూ ఏడ్చాను, చెప్పుకోవడానికి సిగ్గేమిటి!

చాలా ఏళ్ల తర్వాత, నేను బడిపంతులమ్మనయ్యాక, పట్నంలో, ద్వారకా నగర్‌లో, ఇలాంటివాళ్లను చూసే డాక్టరమ్మ ఉందని తెలిసి అన్నను తీసుకెళ్లాను. అమ్మా వచ్చింది. ఆవిడ చాలాసేపు చూసి, దీన్ని ఆటిజం అంటారనీ, పుట్టుకతో వచ్చిన తీరనీ, మాన్పే మందు లేదనీ చెప్పింది. అమ్మ బాధపడుతుందనుకుంది కాబోలు, మీకేం కావాలమ్మా అని మెల్లగా అడిగింది.

"ఆడిని మార్సొద్దమ్మా. టపాకాయలంటే హడిలిపోతాడు. దానికేటైనా ఉంటే సెప్పండి."

చెవుల్లో దూది పెట్టమనీ, పండగ వస్తోందని ముందునుంచే రోజూ చెబుతుండమనీ ఆవిడ చెప్పింది. ఆ ఏడు దీపావళికి అన్న మంచం మీదే కూర్చున్నాడు. అంతకన్నా గొప్ప వైద్యం మా ఇంట్లో ఎవరికీ జరగలేదు.

డాక్టరమ్మకు చూపించిన ఆ రోజు, మేము లేచి వస్తుంటే, బల్ల కింద ఆవిడ కూరగాయల సంచి గురువులు కంట పడింది. అక్కడే నిలబడిపోయి, సంచి వైపు చూస్తూ, "ఏటి పడ్డాయి?" అన్నాడు. బయట జనం కాచుకుని ఉన్నారు. నేను వాడి చెయ్యి పట్టుకుని లాగబోయాను. డాక్టరమ్మ వంగి సంచిలోకి చూసి, "వంకాయలు" అంది.

"వంకాయలు" అనుకుని గురువులు పక్కకు తప్పుకున్నాడు.

మెట్లు దిగుతూ అమ్మ, ఇంతమంది వైద్యుల దగ్గరికి తిప్పేను గానీ ఆడు అడిగితే జవాబు సెప్పింది ఈవిడొక్కతే అంది.