వదిన నమ్మని మంచు

మొన్న ఆదివారం పొద్దున అన్నయ్య ఫోన్ చేశాడు. "మీ వదిన లేదురా," అన్నాడు. నాకు నమ్మబుద్ధి కాలేదు. "ఎవరు చెప్పిన్రు? ఏ డాక్టర్? ఇంకోసారి చూడమన్నవా?" అని వరసగా అడిగాను. అడుగుతుంటేనే తెలిసింది, అవన్నీ వదిన ప్రశ్నలని. తలలో రక్తనాళం చిట్లిందట. ముందురోజు తలనొప్పిగా ఉందని మాత్ర వేసుకుని పడుకుందట. లోకంలో ప్రతిదాన్నీ అనుమానించిన మనిషి ఆ తలనొప్పిని ఎలా నమ్మిందో నాకు అర్థం కావడం లేదు.

మాది హైదరాబాద్. ఈ కివీల దేశానికొచ్చాక, రిక్కార్టన్ అనే పేటలో వాళ్ళదీ మాదీ రెండు వీధుల దూరం. వదిన ఇన్సూరెన్స్ ఆఫీసులో క్లెయిములు పరిశీలించేది. రోజంతా ప్రమాదాల కథలు వినడమే పని. "అన్నీ ఒక్క మాటతోనే మొదలైతయి. 'ఏం కాదులే అనుకున్నం' అని," అనేది. ఇంట్లోనూ అంతే. పాల సీసా మీద తేదీ చూశాక మళ్ళీ వాసన చూసేది. పండ్లు బాగున్నాయని, ఇక్కడ డెయిరీ అనే వీధి మూల కొట్టు అంకుల్ చెబితే, "మీ ఇంటికి తీస్కపోయిన్రా?" అని నవ్వుతూనే అడిగేది.

కిందటి చలికాలం నా ఆఫీసు మిత్రుడొకడు, ఇక్కడే పుట్టి పెరిగిన కివీ, మమ్మల్ని స్నోమొబైళ్ళ మీద, అంటే మంచు మీద పోయే మోటారు బళ్ళ మీద, కొండల్లోకి తీసుకెళ్తానన్నాడు. జనం స్కీయింగ్ చేసే చోటికి కాదు, దారీ మనుషులూ లేని లోపలి కొండలకు. అన్నయ్య ఎగిరి గంతేశాడు. వదిన మాత్రం అతణ్ణి చాయ్‌కి పిలిచి కూర్చోబెట్టింది. బండి మధ్యలో ఆగిపోతే? మబ్బు కమ్మి దారి కనబడకపోతే? ఎన్ని గంటలకు వెనక్కి తిరగాలి? అతను పాపం ఓపిగ్గానే చెప్పాడు. అతను వెళ్ళాక వదిన కప్పులు తీస్తూ అంది: "మంచు ఎంత బాగుంటదో చెప్పిండు. ఎప్పుడు బాగుండదో నేనడిగితే గాని చెప్పలే."

ఇక ఆ వారమంతా మంచు చరియల హెచ్చరికలు రోజూ చదివింది. ఎండ కాస్తున్న రోజున కూడా, "పైన బాగనే ఉంది. అడుగున పాత మంచు ఎట్లున్నదో?" అని గొణుక్కునేది. మంచు కింద కూరుకుపోయిన మనిషి ఎక్కడున్నాడో పట్టిచ్చే సిగ్నల్ పెట్టెలు మనిషికొకటి, తవ్వి తీయడానికి చిన్న పారలు అద్దెకు తెప్పించింది. ఒక పెట్టెను పెరట్లో గడ్డికుప్ప కింద దాచి, మిగతావాటితో మా చేత వెతికించింది. తొందరగా దొరికేదాకా వదలలేదు. పక్కింటి ముసలావిడ కంచె మీంచి తొంగిచూసి, ఏమైనా పోయిందా అని అడిగింది.

"ఇంకా పోలేదు," అంది వదిన.

ఎటు వెళ్తున్నామో ఆవిడకే చెప్పింది. చీకటి పడేలోగా మా ఫోన్ రాకపోతే పోలీసులకు చెప్పమంది. ప్రయాణం మాన్పించాలనే ఇదంతా చేస్తోందేమోనని నాకు అనుమానం వచ్చింది. "ఇంత భయమైతే వద్దులే వదినా," అన్నాను.

"పోవద్దనుకుంటే నాకింత కష్టమెందుకు? పోదామనే గదా!" అంది.

వెళ్ళాం. ఆకాశం నీలంగా, మచ్చ లేకుండా ఉంది. మా బళ్ళు ఒక పెద్ద వాలు అంచుకు చేరాయి. అది దాటితే శిఖరం, అవతల లోయ. వదిన దిగి, చదునుగా ఉన్న చోట నాలుగడుగులు వేసింది. కాళ్ళ కింద మంచు దబ్బుమని కుంగిన చప్పుడు నాకూ వినబడింది. సన్నటి బీట ఒకటి మా ముందు నుంచి పాకుతూ పోయింది.

"అడుగున గట్టిగ లేదు. వెనక్కి పోదాం," అంది వదిన.

ఈ వాలు చాలాసార్లు దాటానన్నాడు మిత్రుడు. "అప్పటి మంచు కాదిది," అని అతనికి ఇంగ్లీషులో చెప్పింది. అతను బీటకేసి కాసేపు చూసి, బండి తిప్పాడు. సరిగ్గా అప్పుడే ఎవరో ఇద్దరు వేరే బళ్ళ మీద మమ్మల్ని దాటి, చేతులూపుతూ ఆ వాలు మీదికి దూసుకెళ్ళారు. వదిన అరిచింది. ఇంజన్ల హోరులో వాళ్ళకు వినబడలేదు.

కిందికొచ్చి కారులో ఇంటికి బయల్దేరాం. దారిలో నేను, "వాళ్ళకేం కాలే కదా వదినా," అన్నాను.

"కాలే. మంచిగైంది. నాది తప్పని ఇంటికి పోయి అనుకో. ఇంటికి చేరినంకనే గదా అనుకుంటవు, నాకు గది చాలు."

ఆ వాలులో నిజంగా ప్రమాదం పొంచి ఉందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. తెలుసుకోవాలనీ లేదు. నాకు గుర్తుండిపోయింది వేరే. మేమంతా కిందికి దిగుతూ వెనక్కి చూస్తే వదిన ఇంకా ఆ అంచు దగ్గరే ఉంది. బ్యాగులోంచి పార తీసి రెండు చేతులా పట్టుకుని, ముక్కూ మొహం తెలియని ఆ ఇద్దరూ శిఖరం దాటి కనుమరుగయ్యేదాకా, తెల్లటి వాలు మీంచి చూపు తిప్పకుండా నిలబడి ఉంది.