తలుపుకు పెట్టిన రబ్బరు

2009 ఎండాకాలం. మిర్యాలగూడలో ధాన్యం లారీలు మిల్లుల ముందు బారులు తీరి, హారన్లతో ఊరి చెవులు చిల్లులు పొడిచే రోజులు. అప్పటికి నేను సూర్యాపేటలో అల్యూమినియం కిటికీల పని మొదలుపెట్టి ఎనిమిదేళ్లయింది. అంతకుముందు ఇనుప గ్రిల్లులు చేసేవాణ్ణి. నాకు ఈ పని ఎవరూ నేర్పలేదు. కంపెనీలు పంచిపెట్టే కేటలాగులు తెచ్చుకుని, పక్కన డిక్షనరీ పెట్టుకుని, ఒక్కో మాటా కూడబలుక్కుని నేర్చుకున్నాను. అందుకే, పట్టాలున్న ఇంజనీర్లు "అల్యూమినియం కిటికీ పెట్టించుకోండి, చప్పుడు రాదు" అని జనానికి చెబుతుంటే ఒళ్లు మండేది. ఇప్పటికీ మండుతుంది.

అల్యూమినియం చప్పుడును ఆపదు. అది లోపల బోలుగా ఉండే గొట్టం, అంతే. గాలి ఎక్కడ దూరితే చప్పుడూ అక్కడే దూరుతుంది. ఆపాలంటే అద్దం బరువుగా ఉండాలి, రెక్క చట్రానికి గాలి చొరకుండా అతుక్కోవాలి, చట్రానికీ గోడకూ మధ్య సందు మిగలకూడదు. అల్యూమినియం గొప్పతనమల్లా ఒక్కటే. కర్రలాగా వానకు ఉబ్బదు, ఎండకు వంకర పోదు. కాబట్టి మొదట బిగించిన బిగువు ఏళ్లతరబడి నిలుస్తుంది. బిగించడమే రాకపోతే అది నిలిచి ఏం లాభం?

ఆ ఎండాకాలంలోనే సైదులు అనే అతను మిర్యాలగూడ నుంచి బస్సెక్కి నా షాపు వెతుక్కుంటూ వచ్చాడు. వాడపల్లి దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు. పొద్దున ఇల్లు చేరి మధ్యాహ్నం దాకా పడుకోవాలి. ఇల్లేమో మిల్లుల రోడ్డు మీద. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. డ్యూటీలో రెండుసార్లు కునుకు తీశాడని సూపర్‌వైజరు హెచ్చరించాడట. భార్య పద్మ ఐదేళ్ల కూతురిని తీసుకుని పెద్దవూరలో తల్లిగారింటికి వెళ్లి రెండు నెలలైందట. ఎందుకు పోయిందని అడిగాను.

"నిద్ర లేక నా కోపం ఎక్కువైంది కాకా. గీ లారీల మోత పోతే నేను మల్ల మనిషినైత. వాళ్లు గూడ వస్తరు" అన్నాడు.

వెళ్లి చూశాను. పడకగదికి ఉన్నది పక్కకు జరిపే స్లైడింగ్ కిటికీ. రెక్క జరగాలంటే కింద పట్టాలో కాస్త ఖాళీ ఉండి తీరాలి. ఆ ఖాళీకి బ్రష్ లాంటి ఊలు పట్టీ పెడతారు. అది దుమ్మును ఆపుతుందేమో గాని హారన్‌ను ఆపదు. దాన్ని పీకేసి కేస్‌మెంట్ పెట్టాను. అంటే తలుపులాగా మూసుకునే కిటికీ. మూసి హ్యాండిల్ తిప్పితే రెక్క చుట్టూ ఉన్న రబ్బరు గ్యాస్కెట్‌ను గట్టిగా నొక్కుతుంది. అద్దం లామినేటెడ్, రెండు అద్దాల మధ్య పలచని ప్లాస్టిక్ పొర పెట్టి అతికించింది. చట్రం చుట్టూ సందంతా పూడ్చాను.

మూడో రోజు ఫోన్. లారీలు మంచం మీదనుంచే పోతున్నట్టున్నాయని. నా పనికి వంక పెట్టాడని కోపమొచ్చింది. కోపంతోనే బస్సెక్కి వెళ్లి, అతని గదిలో కిటికీ మూసి, కళ్లు మూసుకుని కూర్చున్నాను. మోత ఎదురుగా రావడంలేదు, నెత్తిమీదనుంచి వస్తోంది. తలెత్తితే స్లాబు కింద సిమెంటు జాలీ. మా దిక్కు మేస్త్రీలు వేడిగాలి పోవాలని కిటికీ పైన జాలీ వదలకుండా గది కట్టరు. దాన్ని మొదటిరోజే చూశాను. చూసీ వదిలేశాను. జాలీ మేస్త్రీది, కిటికీ నాది అనుకోవడం మా పనివాళ్లకున్న రోగం. అన్ని చిల్లుల కింద అంత బరువైన అద్దం బిగించి, పైగా కోపం తెచ్చుకున్నాను.

దగ్గరుండి జాలీ మూయించాను. హాలు కిటికీలు పాతవే కాబట్టి అటునుంచి కూడా మోత వస్తోంది, గది తలుపుకు కూడా రబ్బరు పెట్టమని సైదులు అడిగాడు. పెట్టాను. లేచాక కిటికీ తెరిచి గాలి ఆడనివ్వమని చెప్పి వచ్చాను. నాలుగు రోజులకు ఫోన్ చేశాడు. ఏకబిగిన ఆరు గంటలు పడుకున్నాడట. షాపుకొచ్చిన ప్రతివాడికీ ఆ సంగతి చెప్పుకుని మురిశాను.

తర్వాతి వారం సైదులు మళ్లీ వచ్చాడు. ముఖం చూస్తే బాగా నిద్రపోయిన మనిషిలాగే ఉన్నాడు, కళలేదంతే. ముందుగా చెప్పకుండా పద్మ పిల్లను తీసుకుని పొద్దుటి బస్సుకు వచ్చిందట. ఇతను లోపల గడియ పెట్టుకుని, ఫోన్ ఆపేసి నిద్రపోతున్నాడు. ఆమె తలుపు కొట్టింది. పిల్ల పిలిచింది. పక్కింటి ముసలమ్మ కూడా వచ్చి కేకలు వేసింది. గంటసేపు ఎండలో మెట్ల మీద కూర్చుని తిరిగి వెళ్లిపోయారు. లేచాక ముసలమ్మ చెబితే తెలిసింది. ఇతను ఫోన్ చేస్తే, విని కూడా తలుపు తీయలేదని పద్మ ఫోన్ పెట్టేసిందట.

"నేను చెప్తే నమ్ముతలేదు కాకా. చేసినోడివి నువ్వు. నువ్వొచ్చి చెప్పు" అన్నాడు.

చేసిన వస్తువు తరఫున సాక్ష్యానికి పోవడం నాకు అదే మొదలు, అదే ఆఖరు. సంచీలో లామినేటెడ్ అద్దం ముక్క, గ్యాస్కెట్ ముక్క వేసుకుని అతనితో పెద్దవూర వెళ్లాను. పద్మ మంచం వాల్చి నీళ్లిచ్చింది. నేను స్లైడింగ్ సంగతి, జాలీ సంగతి, తలుపు సంగతి అన్నీ చెప్పాను. అద్దం ముక్క చేతిలో పట్టుకుని ఓపికగా విన్నది.

"అయితే పిల్ల నాయినా అని పిలిస్తే ఇనపడదా కాకా?"

"గది తలుపేస్తే ఇనపడదు బిడ్డా."

"నేను తలుపు కొడితే?"

"అదీ ఇనపడదు."

ఆమె అద్దం ముక్కను మంచం మీద పెట్టింది. "లారీ మోతకు లేస్తుండె, నిజమే. లేసి లారోణ్ణి ఏమనలేడు గద, మమ్ముల అనెటోడు. పిల్ల ఇంట్ల గుసగుసలు మాట్లాడుడు నేర్సింది. సరే, కిటికీకి పెట్టినవ్, రోడ్డు అటుంది. తలుపుకెందుకు పెట్టినవ్ కాకా? తలుపుకు ఇటు దిక్కున్నది మేమే గద."

హాలు కిటికీలు పాతవని, మోత అటునుంచి కూడా వస్తుందని చెప్పాను. చెబుతుంటే నాకే అది అతికినట్టు లేదు. పిల్ల గడప దగ్గర నిలబడి తండ్రినే చూస్తోంది గాని పిలవలేదు.

ఇద్దరం తిరుగు బస్సెక్కాం. మిర్యాలగూడలో దిగేటప్పుడు, ఇంటికొచ్చి ఆ తలుపు రబ్బరు పీకేసి పోనా అని అడిగాను.

"ఉండనీ కాకా. రేపు పొద్దుగాల పండాలె గద" అన్నాడు.

పద్మ రాలేదు. వానాకాలం వెళ్లేసరికి సైదులు ఆ ఇల్లు కిరాయికిచ్చి ఫ్యాక్టరీ దగ్గర ఒక్క గది తీసుకున్నాడు. కిరాయికి దిగినాయన నాకు ఫోన్ చేసి, ఇంత ప్రశాంతమైన గది తన జన్మలో చూడలేదన్నాడు. నేను మంచిదని పెట్టేశాను.

అద్దానికి హారనూ పిల్ల పిలుపూ ఒకటే. ఏది ఆపాలో దానికి తెలియదు, తెలుసుకోవలసింది బిగించేవాడు. నేను రోడ్డు వైపు కొలిచాను గాని, ఇంటి వైపు ఎవరున్నారని అడగలేదు. ఏ కేటలాగులోనూ ఆ ప్రశ్న లేదు. ఉండదు కూడా, అమ్ముకునేవాడికి దానితో పనేముంది?

ఆ తర్వాత కోదాడలో ఒకాయన హైవే పక్క ఇంటికి పిలిచాడు. టేపు తీయకముందే, మీరు పడుకున్నప్పుడు హాల్లో ఎవరుంటారని అడిగాను.

"మా ఆవిడ, పిల్లలు ఉంటారండీ. ఎందుకండీ అది?" అన్నాడు నవ్వుతూ.

కిటికీ చేస్తాను గాని గది తలుపు జోలికి రానన్నాను. సరేనన్నాడు. ఆ తలుపుకు వేరేవాడిని పిలిపించి రబ్బరు పెట్టించుకున్నాడని తర్వాత తెలిసింది.