ఇంటికొచ్చిన దుకాణం

ఇరవై ఏళ్ల కిందటి మాట. శాలిబండలో ఒక గాజుల దుకాణానికి సరుకు చూసుకునే సాఫ్ట్‌వేర్ పెట్టాను. అది దుకాణంలోని కంప్యూటర్లోనే నడిచేది. ఇంతలో యజమాని హఠాత్తుగా పోయారు. ఆయన భార్య రజియా ఆపా, భర్త పోయాక పాటించే ఇద్దత్ ప్రకారం, నాలుగు నెలల పైన ఇల్లు కదలకూడదు. మరిదేమో దుకాణం అమ్మేద్దామంటున్నాడు.

"ఇంట్ల కూసొనే నడిపిస్త. నాకు కనవడేటట్టు చెయ్ బేటీ" అన్నారు ఆపా.

దుకాణం కంప్యూటర్లోని సరుకు లెక్కల పేజీ ఇంటర్నెట్ ద్వారా ఇంట్లోనే తెరుచుకునేలా ఏర్పాటు చేసి, శుక్రవారం మధ్యాహ్నం ఆపా ఇంటికెళ్లి చూపించబోయాను. పేజీ రాలేదు! పొద్దున బాగానే వచ్చిందే! దుకాణానికి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు.

"నేను ముందే చెప్పిన. అమ్మేస్తె ఏ ఫికరుండది" అంటూ మూతి విరిచింది తోడికోడలు.

ఆపా గడియారం చూసి నవ్వారు. "జుమ్మా నమాజుకు పోయేటప్పుడు పనోళ్లు కరెంటు మెయిన్ బంద్ చేసి పోతరు బేటీ. షార్ట్ సర్క్యూటంటె ఆయనకు భయం. ఆయన పెట్టిన రివాజే."

నమాజు అయ్యాక పేజీ తెరుచుకుంది. తెర నిండా గాజుల పేర్లు! ఆపా కళ్లు తుడుచుకున్నారు. "ఆయన మాట ఇంకా నడుస్తున్నది. దుకాణం అమ్మం" అన్నారు.

ఆ దుకాణం ఇప్పటికీ ఉంది. తెర ఏ కాస్త మొరాయించినా నాకే ఫోన్ వస్తుంది, శుక్రవారం మధ్యాహ్నం తప్ప.