తమ్ముడి వాటా జోన్

దయ్యాల మాటను మా ఇంట్లో ఎవరూ లెక్కచేయలేదు. దొరలమన్న గడీ పోయింది, భూములు పోయాయి, చివరికి గ్రానైట్ వ్యాపారమూ పోయింది. వీటిలో ఒక్కదాన్ని కూడా మేం దయ్యాల మీదికి నెట్టలేదు. అందుకే ఇది రాయడానికి నాకు సిగ్గుగా ఉంది.

మాకు మిగిలింది ఇంటర్నెట్‌లో మా ఇంటిపేరు మీదున్న డొమైన్ ఒక్కటే. దాన్ని బయటివాళ్ల చేతిలో పెట్టడం ఇష్టంలేక, కరీంనగర్‌లో నా సర్వర్ మీద నేనే నడుపుతాను.

డొమైన్‌లో మన మాట చెల్లే మేరను జోన్ అంటారు. ఏ పేరు అడిగితే ఏ చిరునామా చెప్పాలో దాని ఫైలులో ఉంటుంది. ఫైలు మార్చినప్పుడల్లా పైనున్న క్రమసంఖ్యను పెంచాలి. జోన్‌లో కొంత మరొకరికి అప్పగించవచ్చు కూడా. అప్పుడు నా ఫైలులో 'ఆ పేరు సంగతి ఫలానా సర్వర్‌ను అడగండి' అన్న సమాచారమే ఉంటుంది. అక్కడినుంచి వాళ్ల ఫైలుదే అధికారం.

నిర్మల్‌లో కొయ్యబొమ్మలు అమ్మే తమ్ముడికి అలా ఒక వాటా ఇచ్చాను. వాడి ఇంట్లోనే సర్వర్, వాడిదే ఫైలు, బొమ్మల పేజీ కూడా అందులోనే.

పోయిన ఎండాకాలం వాడు గుండెపోటుతో పోయాడు. మరదలు ఇంటర్నెట్ తీసేయించి, సర్వర్‌ను గోనెసంచిలో కట్టి అటక మీద పెట్టింది. బొమ్మల పేజీ ఆగిపోయింది. ఇల్లు గడవడానికి ఆమెకు మరో దారి లేదు. వేరేచోట కొత్త పేజీ పెట్టించుకుని నాకు ఫోన్ చేసింది.

"బావా, గా పాత పేరు జర దీని దిక్కు తిప్పుండ్రి. అందరికీ గదే యాదికుంది."

నా ఫైలులో అప్పగింత తీసేసి, ఆమె చిరునామా రాస్తే సరిపోయేది. కానీ తమ్ముడికిచ్చిన వాటాను అన్న వెనక్కి కలుపుకోవడం మా ఇంటి పద్ధతి కాదు. సంవత్సరీకం దాకా ఆగమన్నాను.

"వాటా పట్టుకొని ఆయన ఇప్పుడేం జేస్తడు బావా? బొమ్మలు కొనెటోళ్లు సంవత్సరీకం దాకా ఆగుతరా?"

ఫోన్ పెట్టేశాను.

మర్నాడు పొద్దున మళ్లీ ఆమే. "పాత పేరు కొడితే కొత్త పేజీ వస్తుంది బావా. బేరం గూడ వచ్చింది."

నా ఫైలు చూశాను. ఏమీ మారలేదు. తమ్ముడి సర్వర్‌ను నేరుగా అడిగాను. జవాబు వచ్చింది. ఎక్కడో నిలవ ఉన్న పాత జవాబు అనుకోవడానికి లేదు, అది మరదలి కొత్త చిరునామా. వాడి ఫైలు నకలు నా దగ్గరుంటే పోల్చి చూశాను. క్రమసంఖ్య ఒకటి పెరిగింది.

బస్సెక్కి నిర్మల్ వెళ్లాను. సంచి ముడి మీద దుమ్ము కదల్లేదు. తమ్ముడి ఇంటర్నెట్ లైను, దాని చిరునామాతో సహా, ఇంకెవరికో ఇచ్చారనుకున్నా, వాడి ఫైలు వాళ్లకెలా దొరుకుతుంది?

నేను చేయలేదని మరదలికి చెప్పాను. "దొరలు గంతే. చేస్తరు గని చేసినమని చెప్పరు," అంటూ చాయ్ తెచ్చిచ్చింది.

ఎవరు చేశారో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. ఆమె మాత్రం తన కష్టకాలంలో బావే ఆదుకున్నాడని చుట్టాలందరికీ చెబుతోంది. నిజంగా అది నేనై ఉంటే ఎంత బాగుండేది.