ముక్కుగారి దిండు గలీబు

రైలింజన్ల షెడ్డు గేటు ఎదుట టీ కొట్లో కాసేపు కూర్చుంటే ముక్కుగారి కథ వినకుండా లేవలేరు. జ్వరంతో మంచాన పడి, కిటికీ తలుపులు బిగించుకుని, దుప్పటి ముసుగుతన్ని పడుకున్న మనిషి ఉన్నట్టుండి లేచి కూర్చున్నాడట. ఒక్కసారి గాలి పీల్చాడట. "ముసలమ్మ నూనె తాగేస్తోంది, ఆపండి!" అని కేక పెట్టాడట. ముసలమ్మ అంటే మనిషి కాదు, ఆ షెడ్డులో అన్నిటికన్నా పాత డీజిల్ ఇంజన్. వెళ్ళి విప్పి చూస్తే నిజమేనట. అప్పటినుంచి ఆయన రిటైరయ్యే రోజు దాకా షెడ్డు మొత్తం ఆ ముక్కు మీదే నడిచిందట.

చెప్పేవాడిని బట్టి దూరం మారుతుంది. ఒకడు రెండు వీధులంటాడు. ఇంకొకడు ఊరి అవతలి చివరంటాడు. ఈ మధ్య చేరిన కుర్ర ఫిట్టరైతే ఏకంగా ముక్కుగారిని రైలెక్కించి, పొరుగూళ్ళో బంధువుల ఇంట్లో పడుకోబెట్టాడు.

ముక్కుగారి భార్య ఆ పక్క కొట్టు దగ్గరే పాల కోసం నిలబడి ఇదంతా వింటూ ఉంటుంది. "ఏం అత్తమ్మా, అంతేగా?" అని ఎవరైనా కదిలిస్తే, "మీరు చెప్పాక అంతే కదా నాయనా" అని పాల గిన్నె మూత సర్దుకుని ఇంటిదారి పడుతుంది.

ముక్కు అనే పేరు ఆయనకి ఊరికే రాలేదు. బయటికి వెళ్ళబోయే ప్రతి ఇంజన్‌లోనూ నూనె చూసి పంపడం ఆయన పని. నూనె మట్టం చూసే పుల్ల, డిప్‌స్టిక్, బయటికి లాగేవాడు, గుడ్డతో తుడిచేవాడు, మళ్ళీ ముంచి తీసేవాడు. అందరూ గీత ఎక్కడిదాకా తడిసిందో చూసి వదిలేస్తే, ఆయన ఆ పుల్లని ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. డీజిల్‌ని లోపలికి చిమ్మే ఇంజెక్టరు కారితే ఆ డీజిల్ నూనెలో కలుస్తుంది. నూనె పలచబడుతుంది, లోపల ఇనుము ఇనుముని తింటుంది. ఆ కలిసిన డీజిల్ ఏ కొంచెమైనా ఆయన ముక్కుకి దొరికేది. "దీనికి ఒంట్లో బాగాలేదురా, లోపలికి తోలండి" అనేవాడు. ఫిట్టర్లు గొణుక్కుంటూ తోలేవాళ్ళు. విప్పి చూశాక గొణుగుడు మానేసేవాళ్ళు.

ఆ రోజుల్లో డీజిల్‌లో గంధకం ఎక్కువ. పొగ కళ్ళలో పడితే మండేది, గొంతులో దిగితే దగ్గొచ్చేది. షెడ్డుకి ఎదురు వరసలో ఉన్న క్వార్టర్లలో కాపురం చేసిన ఆడవాళ్ళకి పొగతో ఒక ఒప్పందం ఉండేది. బట్టలు తీగ మీంచి తీసేముందు రెండుసార్లు గట్టిగా దులపాలి. ఒకసారి దులిపితే మసి సగమే రాలుతుంది. రెండోసారి దులిపాక మడత పెట్టుకోవచ్చు. ముక్కుగారి భార్య కాపురానికొచ్చిన కొత్తలో ఇది తెలియక, ఆయన తెల్ల చొక్కా అలాగే మడతపెట్టి ఇచ్చింది. అది వేసుకుని ఆయన ఎవరిదో పెళ్ళికి వెళ్ళొచ్చి, "అందరూ నన్ను చూసి పెళ్ళికొడుకుని మర్చిపోయారు" అన్నాడు. వీపు మీద మసి, చిన్న పిల్లాడు బొగ్గుతో బొమ్మలేసినట్టు పరుచుకుని ఉంది.

తర్వాత కొత్త రకం డీజిల్ వచ్చింది. గంధకం తీసేసిన డీజిల్ అన్నారు. దానికి తగ్గట్టు నూనె కూడా మార్చారు. పొగ పలచబడింది, కళ్ళు మండడం తగ్గింది. "వాసనే లేదు, నీళ్ళు పోసి నడుపుతున్నట్టుంది" అని షెడ్డంతా అనుకుంది. అందరికన్నా ఎక్కువగా ఆ మాట అన్నది ముక్కుగారే. ఆ చలికాలం ఆయనకి పెద్ద జలుబు చేసి తగ్గింది. జలుబు తగ్గాక కూడా ఆయన అదే మాట అంటుంటే, భార్య మొదట పట్టించుకోలేదు.

ఒక సాయంత్రం ఆవిడ పొయ్యి మీద పాలు పెట్టి, పక్కింటావిడ పిలిస్తే గుమ్మం దాటింది. మాటల్లో పడి తిరిగొచ్చేసరికి వంటిల్లంతా పొగ. పాలు ఇగిరిపోయి గిన్నె అడుగు నల్లగా మాడింది. మధ్య గదిలో, వంటింటి తలుపుకి వీపు పెట్టి, ముక్కుగారు హాయిగా పేపరు చదువుకుంటున్నాడు.

"ఏమండీ, పాలు మాడాయి."

"అలాగా, నువ్వు చెప్పేదాకా చూడలేదే."

"చూడక్కర్లేదు కదండీ."

ఆయన పేపరు మడిచాడు కానీ తలెత్తలేదు. ఆవిడ లోపలికెళ్ళి ఫినాయిలు సీసా మూత తీసి తెచ్చి ఆయన ముక్కు కింద పెట్టింది. "కళ్ళు మూసుకుని చెప్పండి, ఇదేంటి?"

ఆయన బాగా లోతుగా పీల్చి, కాసేపు ఆలోచించి, "సెంటా?" అన్నాడు.

ఆవిడకి నవ్వొచ్చింది. నవ్వుతూనే గోడ దగ్గర కూలబడింది.

అప్పటినుంచి ఆ ఇంట్లో ఒకటే గొడవ. "ఫోర్‌మన్ బాబుతో చెప్పేయండి" అని ఆవిడ. "చెబితే గేటు దగ్గర కుర్చీ వేసి కూర్చోబెడతారు, వచ్చేపోయే లారీలకి సలాం కొట్టమంటారు" అని ఆయన.

"ఏదో ఒక రోజు డీజిల్ కలిసిన నూనెని బాగుందని పంపేస్తారు. ఆ ఇంజన్‌లో ఒక డ్రైవరుంటాడు. వాడికీ ఇల్లూవాకిలీ ఉంటాయి."

"నాకు కళ్ళున్నాయి, వేళ్ళున్నాయి."

"ముక్కు లేదు."

"ఉంది, ఇదిగో" అని వేలితో తట్టి చూపించేవాడు. ఆవిడ గిన్నెలు కాస్త చప్పుడయ్యేలా కడిగేది.

నిజానికి ఆయన కళ్ళనీ వేళ్ళనీ తీసిపారేయడానికి లేదు. నూనెని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రాసి, జారుడు ఎంతుందో చూసేవాడు. కాగితం మీద ఒక బొట్టు వేసి, అది ఎలా పాకుతోందో చూసేవాడు. కానీ డిప్‌స్టిక్‌ని మాత్రం అలవాటుగా ముక్కు దగ్గరికి తీసుకెళ్ళేవాడు, కళ్ళు మూసుకునేవాడు, చుట్టూ ఉన్నవాళ్ళు ఆయన నోటి నుంచి మాట వచ్చేదాకా కదలకుండా నిలబడేవాళ్ళు. ఆ నిశ్శబ్దం పోతుందనే ఆయన భయం. ఆవిడకి అది అర్థమైంది. అర్థమైనంత మాత్రాన గొడవ మానలేదు.

జ్వరం సంగతి ఆ మరుసటి ఏడు. ఆయన మూడు రోజులుగా మంచం మీదే ఉన్నాడు. ఆవిడ దుప్పట్లు, దిండు గలీబులు ఉతికి తీగ మీద వేసింది. ఎదుటి పట్టాల మీద ముసలమ్మ పొద్దుటినుంచీ పని లేకుండా ఆన్‌లోనే నిలబడి గుడగుడలాడుతోంది. సాయంత్రం ప్యాసింజరు బండికి దాన్నే కట్టాలి. మధ్యాహ్నం దాటాక బట్టలు తీయబోయి ఆవిడ అలవాటుగా గలీబుని రెండుసార్లు దులిపింది. మచ్చలు రాలలేదు. మళ్ళీ దులిపింది. వేలితో గీరితే మచ్చ పోవాల్సింది పోయి, సాగి చారికయింది.

అలాగే పట్టుకుని లోపలికొచ్చింది. "ఏమండీ, ఇది చూడండి. మసి అయితే రాలాలి కదా."

ఆయన పడుకునే చెయ్యి చాపి, ఆ మచ్చని వేళ్ళ మధ్య రాశాడు. ఇంకో మచ్చని రాశాడు. తర్వాత లేచి కూర్చున్నాడు.

"మసి కాదే ఇది. నూనె. పొగ ఏ రంగులో వస్తోంది?"

ఆవిడ కిటికీలోంచి చూసింది. "నల్లగా లేదు. నీలంగా ఉంది."

"నల్లగా ఉంటే డీజిల్ సరిగ్గా కాలడం లేదని. నీలం అంటే నూనె కాలుతోందని. ఇంజన్‌లోకి గాలి ఊదే టర్బో దగ్గర సీలు పోయుంటుంది. ఊరికే నిలబెట్టినంతసేపూ నూనె పొగగొట్టంలోకి చేరుతుంది. బండి తగిలించి గట్టిగా లాగారంటే ఆ వేడికి అంతా భగ్గుమంటుంది." కాళ్ళు కింద పెట్టాడు, లేచి నిలబడ్డాడు, గోడ పట్టుకున్నాడు.

"మీరు పడుకోండి. నేను వెళ్తాను."

"ఏమని చెబుతావ్?"

"ఉన్నదే చెబుతాను."

ఇన్నేళ్ళలో ఆవిడ ఆ గేటు దాటి లోపలికి వెళ్ళింది లేదు. గలీబు చంకలో పెట్టుకుని, పట్టాల మీద జాగ్రత్తగా అడుగులేస్తూ, ఫోర్‌మన్ దగ్గరికి చేరింది. ఫోర్‌మన్ ఇద్దరితో ఒకేసారి మాట్లాడుతున్నాడు. డ్రైవరు అప్పటికే మెట్లెక్కేశాడు.

"బాబూ, ముసలమ్మని ఆపమన్నారు. నూనె కాలుతోందట."

"ఎవరన్నారమ్మా?"

"మా ఆయన."

"ఆయన జ్వరంతో ఇంట్లో ఉన్నారు కదా." ఫోర్‌మన్ ఆవిడనీ, అక్కణ్ణుంచి క్వార్టర్ల వరసనీ చూశాడు. అతని ముఖం మారిపోయింది. "వాసన పట్టారా పెద్దాయన? అక్కణ్ణుంచే?"

ఆవిడ చంకలో గలీబు ఉంది. తీసి చూపిస్తే, మా ఇంజన్ నీ దిండు గలీబు కోసం ఆపాలా అంటాడేమో. కూర్చోబెట్టి అడుగుతాడేమో. ఈలోగా డ్రైవరు బండి తీసేస్తాడేమో.

"ఊఁ" అంది.

ఆ ఒక్క అక్షరానికి ఇంజన్ ఆగింది. వేరే ఇంజన్ కట్టారు. ముసలమ్మని విప్పితే టర్బో సీలు అరిగిపోయి ఉంది. పొగగొట్టం మొదట్లో నూనె మడుగు కట్టింది.

ఆవిడ ఇంటికొచ్చేలోపే ఇద్దరు కుర్రాళ్ళు గుమ్మంలో నిలబడి ముక్కుగారిని దేవుణ్ణి చూసినట్టు చూస్తున్నారు. వాళ్ళు వెళ్ళాక ఆయన అడిగాడు. "ఏమని చెప్పావ్?"

"వాళ్ళే చెప్పుకున్నారు. నేను ఊఁ అన్నాను."

"ఆ ఊఁ ఇప్పుడు నేను మొయ్యాలన్నమాట" అన్నాడు ఆయన.

"దించేయండి" అంది ఆవిడ.

జ్వరం తగ్గి షెడ్డుకి వెళ్ళిన రోజు అందరూ చుట్టూ చేరారు. ఎవడో ముసలమ్మ డిప్‌స్టిక్ తెచ్చి, ముద్దు చేస్తున్నట్టు ఆయన ముక్కు కింద పెట్టాడు. అందరూ ఊపిరి బిగబట్టారు. ఆయన పుల్లని మెల్లగా పక్కకి తోసి, "నాకు వాసన తెలియదురా. పోయిన చలికాలం నుంచే తెలియదు. అది మా ఇంట్లో దిండు గలీబు చెప్పిన మాట" అన్నాడు.

షెడ్డు కప్పు ఎగిరిపోయేలా నవ్వారు. "బాబాయ్ జోకులకి ఎవరైనా పడి చావాల్సిందే" అన్నాడొకడు. ఫోర్‌మన్ అయితే కళ్ళు తుడుచుకున్నాడు.

సాయంత్రం ఇంటికొచ్చి, "చెప్పాను. నవ్వారు" అన్నాడు.

"మళ్ళీ చెప్పండి."

మర్నాడు ఫోర్‌మన్ గదిలోకి వెళ్ళి తలుపు వేసి చెప్పాడు. ఈసారి నవ్వలేదు. గేటు దగ్గర కుర్చీ కూడా వెయ్యలేదు. అప్పుడప్పుడే ల్యాబుకి నూనె పంపే పద్ధతి మొదలవుతోంది. ప్రతి ఇంజన్ నుంచీ చిన్న సీసాడు నూనె తీసి, నంబరు అంటించి పంపాలి. అందులో డీజిల్ ఎంత కలిసింది, మసి ఎంత చేరింది, ఇనుప రజను ఎంతుంది అన్నది ల్యాబువాళ్ళు చెబుతారు. ఆ సీసాల పని ఆయనకిచ్చారు. మొదట్లో ముఖం ముడుచుకున్నాడు. కొన్నాళ్ళకి సీసాలని వెలుతురుకి పట్టి చూడటం అలవాటయింది. కొత్త నూనె తేనె రంగులో, ముసలమ్మ నూనె కాటుక రంగులో. ఎవరి సీసా ఏదో నంబరు చూడకుండా చెప్పి మురిసిపోయేవాడు. అప్పుడప్పుడు తప్పయ్యేది, అప్పుడు నంబరు తప్పు అంటించారనేవాడు.

ఇంటికొస్తే చెప్పులు విడవకముందే తీగ వైపు చూసేవాడు. "ఇవాళ బట్టలేమంటున్నాయి?"

"ఆకలేస్తోందంటున్నాయి, రండి" అనేది ఆవిడ.

ఏటికేడాది మచ్చలు తగ్గుతూ వచ్చాయి. తర్వాత పట్టాల పైన కరెంటు తీగలు లాగారు. ముసలమ్మని ముక్కలు చేసి పట్టుకుపోయిన నెలలోనే ఆయన రిటైరయ్యాడు. ఆ తర్వాత నాలుగేళ్ళు ఉన్నాడు. ఇప్పుడు ఎదుటి పట్టాల మీద ఇంజన్లు చప్పుడు లేకుండా వచ్చిపోతాయి. బట్టలు తెల్లగా ఆరుతాయి. ఆవిడ మాత్రం ఇప్పటికీ ప్రతి బట్టనీ రెండుసార్లు దులిపే మడత పెడుతుంది. ఏమీ రాలదు. కింద నేల వైపు ఒకసారి చూసుకుని లోపలికెళ్తుంది.

ఆయన్ని అంత దూరం రైలెక్కించనక్కర్లేదు. ఆ రోజు కిటికీ తెరిచే ఉంది. గలీబు తీగ మీద ఆరుతోంది. ముక్కుగారికి అప్పటికి మాడిన పాల వాసన కూడా తెలియదు.