నాలుగో ట్రే

“ఎనిమిదింట్లో ఒక్కటి కూడా రాకపోతే మన పనేమిటి?”

ఆ మాట ఆమె మొగుడితోనే అంది గానీ, మొగుడి వంక చూడలేదు. వంటింటి బల్ల మీదున్న ల్యాప్‌టాప్ వంకే చూస్తూ అంది. ఆ మొగుడు బస్సు డిపోలో మెకానిక్. గోళ్ళ సందుల్లో ఇరుక్కున్న గ్రీజును వదిలించుకోవడానికి ఆ రాత్రి మూడోసారి సబ్బు రుద్దుకుంటున్నాడు. పద్నాలుగు నెలల పాప బల్ల కింద దూరి, ఛార్జరు తీగ రుచి చూసే ప్రయత్నంలో ఉంది.

“నిన్న లెక్కేస్తే ఎనభై మూడు శాతం వచ్చిందన్నావుగా,” అన్నాడు.

“వచ్చింది.”

“మా డిపోలో బండి ఎనభై మూడు శాతం బాగుందంటే కళ్ళు మూసుకుని రోడ్డెక్కిస్తాం.”

“అందుకే మీ బళ్ళు దారిలో ఆగిపోతుంటాయి,” అని, ఆమె వంగి పాప నోట్లోంచి తీగ లాగేసింది.

ఆమె కెమిస్ట్రీలో డిగ్రీ చేసి నీటి పరీక్షల ల్యాబ్‌లో కుదురుకుంది. ఊళ్ళోని కుళాయిల నుంచీ ట్యాంకుల నుంచీ వచ్చే సీసాలకు చీటీలు అంటించి, అందులో క్లోరిన్ ఎంత, ఉప్పులెంత అని కొలిచి రాయడం ఆమె పని. మూడేళ్ళుగా చేస్తున్న ఆ పనికి ఇప్పుడు ఎసరొచ్చింది. కొత్త యంత్రం రాబోతోంది. తొమ్మిదిమంది చేసేది అదొక్కటే చేస్తుందట. దాని దగ్గర పీజీ చదివినవాళ్ళే ఉంటారనీ, కనీసం పీజీలో సీటు వచ్చినట్టు కాగితం చూపిస్తే ఉద్యోగం అట్టే పెడతామనీ, మిగతావాళ్ళ కాంట్రాక్టు ఈ ఏడాదితో సరి అనీ పై అధికారి చల్లగా చెప్పేశాడు.

నీటి పరీక్షల్లో పీజీ ఉన్న కాలేజీలు ఎనిమిది. ఒక్కోదాంట్లో ఇరవై సీట్లు, వందల్లో దరఖాస్తులు. ప్రవేశ పరీక్ష లేదు. అన్నిటికీ కలిపి ఒకే ఫారం. దాంతోపాటు మార్కుల లిస్టు, ఒక పేజీ ఉత్తరం పెడితే, ఏ కాలేజీకి ఆ కాలేజీ కమిటీ కూర్చుని చదివి తేలుస్తుంది. ఎనిమిది దాకా కాలేజీలు ఎంచుకోవచ్చు. గడువు శుక్రవారం సాయంత్రం ఐదు గంటలు.

ఇక ఆమె మార్కులు. మొదటి ఏడాది ఎనభై నాలుగు, మూడో ఏడాది డెబ్బై తొమ్మిది. నడుమ రెండో ఏడాది యాభై ఒకటి. రోడ్డు బాగానే సాగుతూ ఉన్నట్టుండి గుంట పడ్డట్టు. ‘మార్కుల్లో హెచ్చుతగ్గులుంటే కారణం రాయండి’ అని ఫారంలో ఒక గడి కూడా ఉంది. జబ్బు చేసిందని రాద్దామా అంటే చెయ్యలేదు. ఆ ఏడాది ఆమె క్లాసులో కంటే డిపో ఎదురుగా ఉన్న టీకొట్టు బెంచీ మీద ఎక్కువ కూర్చుంది.

“నా పేరే రాసెయ్యి,” అన్నాడు మొగుడు చేతులు తుడుచుకుంటూ.

“కారణం: ప్రస్తుతం నా భర్త. అలా రాయనా?”

“ప్రస్తుతం ఎందుకు మధ్యలో?”

ఆమెకు నవ్వొచ్చింది గానీ, గొంతు దాటలేదు. ఎనభై మూడు ఎలా వచ్చిందో ఆమెకు తెలుసు. ఒక్కో కాలేజీలో తనకు ఐదింట ఒక వంతు అవకాశం ఉందనుకుంది. ఎనిమిది చోట్లా రాకపోయే అవకాశాన్ని గుణించుకుంటూ పోయి, వందలోంచి తీసేసింది. లెక్క తప్పు లేదు. నాలుగుసార్లు సరిచూసుకుంది. అయినా ఐదోసారి మొదలెట్టింది.

మర్నాడు ఆమెకు వారపు సెలవు. పొద్దున్నే పాపను చంకనేసుకుని, మార్కుల లిస్టు పట్టుకుని మూడో అంతస్తు ఎక్కింది.

ఆ అంతస్తులో ఒంటరిగా ఉండే ముసలావిడను బిల్డింగంతా కార్డు పిన్ని అంటారు. ముప్ఫై ఏడేళ్ళు ఒక కాలేజీ అడ్మిషన్ల గదిలో గుమాస్తాగా చేసి రిటైరైంది. ఇప్పుడు రోజూ రెండు నుంచి నాలుగు దాకా పాపను చూసుకునేది ఆవిడే. ఆమె షిఫ్టు రెండింటికి మొదలవుతుంది, మొగుడు ఇంటికొచ్చేసరికి నాలుగవుతుంది. నడుమ ఆ రెండు గంటలూ పిన్ని లేకపోతే ఆ సంసారం నడవదు.

పిన్ని గదిలో ప్రతి డబ్బా మీదా అరచేయంత కార్డు ఉంటుంది. ‘గుండీలు’, ‘పాత తాళంచెవులు’, ‘ఎందుకు దాచానో తెలియనివి’ అని ముత్యాల్లాంటి అక్షరాలు. అది వృత్తి పెట్టిన అలవాటు. కవర్లు విప్పి, ఒక్కో ఫైలునూ ఒక్కో కార్డు మీదికి దించడం ఆవిడ పని. కార్డుకు ముందు వైపు మార్కులు, కింద ఉత్తరం గురించి ఒక్క లైను, పేరు మాత్రం వెనకవైపు. ప్రొఫెసర్లు ఐదుగురూ ఆ కార్డులే చదివి మూడు ట్రేలలో పడేసేవారు. తీసుకునేవి, ఆలోచించేవి, తిప్పి పంపేవి.

“చూసి చెప్పండి పిన్నీ. వస్తుందా, రాదా?”

పిన్ని కళ్ళజోడు సర్దుకుని, ఆమె పేరు మీద ఒక కాగితం ముక్క అడ్డం పెట్టి, మార్కులు కింది నుంచి పైకి చదవడం మొదలెట్టింది.

“కింది నుంచి చదువుతారేంటి?”

“మా కమిటీ వాళ్ళకి అదే అలవాటు. మనిషి నిన్న ఎలా ఉన్నాడన్నది కావాలి గానీ, ఎప్పుడో ఎలా ఉన్నాడో ఎవడిక్కావాలి. డెబ్బై తొమ్మిది, బాగుంది. యాభై ఒకటి... ఏమైందే, జ్వరమొచ్చిందా?”

“అలాంటిదే.”

“డిపో జ్వరమా?” అంది పిన్ని, మొహంలో నవ్వు లేకుండా.

ఆమె తల దించుకుంది. పాప పాక్కుంటూ వెళ్ళి గుండీల డబ్బా పట్టుకుంది.

“నన్నడిగితే లాభం లేదమ్మాయ్. పదకొండేళ్ళపాటు ప్రతి కార్డుకీ ముందే నా అంచనా పెన్సిల్‌తో ఒక పుస్తకంలో రాసుకునేదాన్ని. కమిటీ తేల్చాక సరిచూసుకునేదాన్ని. నున్నటి మార్కులైతే నూటికి తొంభై నేను చెప్పినట్టే అయ్యేది. ఇలా గుంటలున్నవైతే యాభై. నాణెం ఎగరేసినా అంతేగా. ఇలాంటి కార్డు దగ్గర, ఆ పూట ఎవరు కూచున్నారు, దానికి ముందు ఎలాంటి కార్డు చదివారు అన్న దాన్ని బట్టి పోయేది.”

“అంటే సగం సగం అన్నమాట.” ఆమెకు ప్రాణం లేచొచ్చింది. ఐదింట ఒక వంతు కంటే ఇది నయం. వెంటనే తన లెక్కంతా ఏకరువు పెట్టింది.

పిన్ని చివరిదాకా విని, “కాలేజీలు ఎనిమిదైనా చూసే కాగితం ఒక్కటే కదే,” అంది. “ఒక కమిటీ కాలు జారిన గుంటలోనే ఇంకో కమిటీకీ జారుతుంది. ఆ ప్రొఫెసర్లందరూ ఒకళ్ళకొకళ్ళు చదువు చెప్పుకున్నవాళ్ళే. ఇవి ఎనిమిది విడివిడి పందాలు కావు.”

ఒకే సీసాలో నీళ్ళు ఎనిమిదిసార్లు పరీక్షించి, ఎనిమిది బావులు బాగున్నాయని రిపోర్టు రాస్తే ల్యాబ్‌లో చీవాట్లు పెడతారు. సొంత విషయానికొచ్చేసరికి తాను చేసిందదే. ఎనభై మూడు ఎక్కడికి జారిపోయిందో కూడా ఇప్పుడామెకు తెలీదు. చదువుకున్న మనిషి చేసే తప్పు కాదది, లేదా చదువుకున్న మనిషి మాత్రమే చేసే తప్పు.

“ఇంకో సంగతి. నేను నాలుగో ట్రే ఒకటి పెట్టాను, కమిటీకి తెలియకుండా,” అంది పిన్ని.

“నాలుగోదేమిటి?”

“సీటొచ్చీ చేరనివాళ్ళది. నలభైమందిని తీసుకుంటే ఏడెనిమిదిమంది చేరేవాళ్ళు కాదు. వాళ్ళకి ఫోన్లు చేసే పని నాదే. ఒకమ్మాయికి అత్తగారు మంచంలో ఉందిట. ఇంకొకతనికి ఆరు దాటితే ఇంటికి బస్సు లేదుట. ఒకావిడైతే ఫోన్లో ఏడ్చేసింది, చంటిబిడ్డని ఎక్కడ పెట్టనూ అని. దరఖాస్తు పెట్టిననాడు ఆ బిడ్డ లేదా ఏమిటి?”

పిన్ని కళ్ళజోడు తీసి చీరకొంగుతో తుడుచుకుంది.

“వాళ్ళని అనడమెందుకు, నేనే ఉన్నాను. పందొమ్మిదేళ్ళప్పుడు నాకు లెక్కల్లో తొంభై ఆరు, భాషల్లో ముప్ఫై ఎనిమిది. మా ఇంట్లో నన్ను ఒంటికాలి కుర్చీ అనేవాళ్ళు. అయినా పెద్ద కాలేజీకే పెట్టాను. వస్తుందా రాదా అని ఇరవై రోజులు తిండి సహించలేదు. పోస్టుమాన్ నన్ను చూసి సందు మార్చుకునేవాడు. తీరా వచ్చింది.”

“వచ్చిందా?”

“రాకపోతే బాగుండేది. మా నాన్న ప్రెస్సులో అక్షరాలు పేర్చేవాడు. పక్షవాతం వచ్చి పడుకున్నాడు. అమ్మ బట్టల ఫ్యాక్టరీకి పోతే, రోజుకి మూడుసార్లు ఆయన్ని పక్కకి తిప్పి ఒళ్ళు తుడిచేదాన్ని నేనే. కాలేజీ ఆరు గంటల ప్రయాణం. వస్తుందా రాదా అని ఇరవై రోజులు కుమిలాను గానీ, వస్తే నాన్నని ఎవరు తిప్పుతారని ఒక్క పూటైనా అనుకోలేదు. ఏడు రోజుల గడువిచ్చారు. ఏడు రోజులూ ఆ ఉత్తరం ఆయన పక్క కిందే పెట్టుకుని ఆయన్ని తిప్పుతూ కూచున్నాను. ఎనిమిదో రోజున నా సీటు ఇంకెవరికో ఇచ్చేశారు.”

“మళ్ళీ పెట్టలేదా?”

“వచ్చిన సీటు వదులుకుంటే రెండేళ్ళ దాకా మళ్ళీ అడగకూడదు. ఆ రూలు అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. నీ ఫారంలో కూడా ఉండుంటుంది, చూసుకో. ఆ రెండేళ్ళలో ఇంటి పక్కనే ఈ గుమాస్తా పని దొరికింది. నాన్న ఇంకా పదేళ్ళు బతికాడు. ఆ తర్వాత ఇక చదువేమిటి, కార్డులు రాయడమే.”

ఆ రూలు ఆమె ఫారం చివర సన్నక్షరాల్లో చదివింది. చదివి, తనకు కాదన్నట్టు దాటేసింది. రాదేమోనన్న దిగుల్లో, వస్తే వదులుకోవలసి రావడం అనేదొకటి ఉంటుందని తట్టనే లేదు.

పిన్ని పెన్సిలందుకుంది. “ఏదీ, ఆ ఎనిమిదీ చెప్పు. మొదటిది ఎక్కడ?”

“నాలుగు గంటల ప్రయాణం. హాస్టల్ ఉంది.”

“హాస్టల్లో పాపని ఉండనిస్తారా?”

“ఉండనివ్వరు.”

“మీ ఆయన డిపో మార్పించుకుంటాడా?”

“మూడేళ్ళుగా అడుగుతూనే ఉన్నాడు.”

పిన్ని దాని మీద గీత గీసింది. రెండోదీ, మూడోదీ అలాంటివే. నాలుగోది దగ్గరే గానీ, తెల్లారి ఆరింటికే ప్రాక్టికల్స్. పిన్నికి ఆ వేళకు మందులేసుకుని కళ్ళు తిరుగుతుంటాయి, పాపను ఎత్తుకోలేదు. ఆమె ఒక్కోదానికీ ఏదో ఒక అతుకు వేయబోయింది, అతికినట్టే అతికి ఊడిపోయింది. అరగంటకు కాగితం మీద ఆరు గీతలు పడ్డాయి. మిగిలినవి రెండు. రెండూ ఊళ్ళోనే ఉన్నాయి, బస్సులో వెళ్ళి రావచ్చు, క్లాసులు మధ్యాహ్నానికి అయిపోతాయి. అందుకే అందరూ వాటికే ఎగబడతారు.

“అన్నిట్లోకీ గట్టివి ఈ రెండే పిన్నీ.” ఆమె కాగితం తన వైపు లాక్కుంది. “నాకు రాదనేగా మీరు చెప్పేది?”

“రాదని నేననలేదు. తెలీదన్నాను.”

ఆమె కోపంగా పాపను ఎత్తుకుంది. పాప గుండీల డబ్బా వదలనని గోల పెట్టింది. మెట్లు దిగుతుంటే ఒక్కో అంతస్తుకూ కిటికీలు చిన్నవవుతున్నట్టు అనిపించింది.

సాయంత్రం మొగుడు ఆ గీతలు చూసి, “మా అమ్మని రమ్మందాం,” అన్నాడు.

“మోకాళ్ళతో మీ అమ్మ ఈ మెట్లెక్కుతుందా?”

“పోనీ, నేను సెలవు పెడతా.”

“రెండేళ్ళా?”

అతను చాలాసేపు అదే పనిగా పాప జోడు తాడు ముడేసి, విప్పి, మళ్ళీ ముడేశాడు.

శుక్రవారం నాలుగింటికి ల్యాబ్‌లో సీసాల ఫ్రిజ్ పక్కన స్టూలు మీద కూర్చుని ఆమె ఫోన్లో ఫారం తెరిచింది. ఆరు కాలేజీలనూ ఒక్కొక్కటే తీసేసింది. తీసిన ప్రతిసారీ ‘నిశ్చయమేనా?’ అని అది అడిగింది. ఆరుసార్లూ నిశ్చయం లేకుండానే అవునని నొక్కింది. కారణం గడిలో ‘రెండో సంవత్సరం శ్రద్ధగా చదవలేదు. మూడో సంవత్సరం చదివాను’ అని మాత్రం రాసి పంపేసింది. పంపాక చేతులు కడుక్కుని, మిగిలిన పదహారు సీసాల క్లోరిన్ చూసింది.

ఐదు వారాలకు ఒక కాలేజీ కాదంది. రెండోది వెయిటింగ్ లిస్టులో పెట్టింది, తొమ్మిదో నంబరు. పోయినేడు ఆ లిస్టు ఏడు దాకా కదిలింది, అంతకు ముందేడు పన్నెండు దాకా. రెండేళ్ళ అంకెలతో లెక్క కట్టకూడదని తెలిసీ ఆమె కట్టబోయింది. ల్యాబ్ వరండాలో కొత్త యంత్రం చెక్కపెట్టె అప్పటికే దిగిపోయి ఉంది. దాని పక్క నుంచి ఒదిగి వెళ్తే గానీ లోపలికి దారి లేదు.

ఆ పూట పాపను దింపడానికి వెళ్ళినప్పుడు పిన్నితో సంగతి చెప్పి, “తొమ్మిది కదులుతుందంటారా?” అని అడిగింది. అడిగినందుకు తనమీద తనకే విసుగొచ్చింది.

పిన్ని పాపను ఒళ్ళోకి తీసుకుని, జవాబుగా చెప్పిన మాటనే ఆమె ఇప్పుడు అక్షరాలా పాటిస్తోంది. ఆ కాలేజీ గేటు పక్క సందులో పిల్లల్ని చూసుకునే ఇల్లొకటి వెతికిపెట్టింది. వారానికి రెండు పొద్దుటి పూటలు పాపను అక్కడ వదిలి అలవాటు చేస్తోంది. పాప ఇంకా ఏడుస్తూనే ఉంది. వెళ్ళే బస్సు ఎనిమిదీ ఐదుకనీ, అది తప్పితే ఇంకో నలభై నిమిషాల దాకా లేదనీ కనుక్కుంది. లిస్టు ఇంకా కదల్లేదు. ఆ పూట పిన్ని అన్న మాట ఇది:

“వస్తుందా రాదా అన్నది వాళ్ళ ట్రేలో ఉందమ్మాయ్, దాన్ని వదిలెయ్. ఎల్లుండి వచ్చి చేరమని రేపు ఫోనొస్తే, ఆ పొద్దున్న ఈ ఇంట్లోంచి ఎలా బయటపడతావో ఇవాళే చేసి చూసుకో.”