కుక్క నడుము మీద చెయ్యి

ఆ శనివారం ఉదయం హాల్లో ఉన్నవి: ఒక యోగా మ్యాట్, దాని మీద మడిచి పరిచిన పాత దుప్పటి, వేడినీళ్ల బ్యాగు, చిన్న ఇత్తడి గిన్నె, దాన్ని కొట్టడానికి ఒక చెక్క పుల్ల, అవసరం పడితే ఉంటుందని పక్కన పెట్టిన మెత్తటి మూతికట్టు. ఉన్నవాళ్లు: మా అక్క, బావ, నేను, కుక్కలకు మసాజ్ చేసే ఒక ఆవిడ, పదకొండేళ్ల నాటు కుక్క. అక్క తప్ప అందరం నేల మీదే కూర్చున్నాం. అక్క వంటింటి గుమ్మం దగ్గర గోడకు ఆనుకుని నిలబడింది. కుడిచేతి బొటనవేలి కింద కుట్లు విప్పేశారు కానీ, ఆ చేతిని ఇంకా ఎడమచేత్తో పట్టుకునే ఉంది.

కుట్లు పడింది ఈ కుక్క కరవడం వల్లే.

అక్క బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో పీజీ హాస్టల్లో ఉన్నప్పుడు ఆ వీధిలో దొరికిన పిల్ల అది. తర్వాత అక్క ఉద్యోగాలు మారింది, ఇళ్లు మారింది, పెళ్లి చేసుకుంది. ప్రతి మార్పులోనూ కుక్క వెంట వచ్చింది. నాకు ఉద్యోగం దొరికి హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో వాళ్ల ఫ్లాట్‌లో చేరేటప్పటికి, ఆ ఇంట్లో సీనియారిటీ క్రమం ఇది: అక్క, కుక్క, బావ, నేను.

ఒక సాయంత్రం అది వానలో తడిసి వచ్చింది. అక్క తువ్వాలుతో తుడుస్తూ, వెనక కాళ్ల కింద చెయ్యి పెట్టి పైకి లేపబోయింది. అప్పుడు కరిచింది. వెంటనే వదిలేసి, వెళ్లి బాల్కనీలో మూలకు కూర్చుంది. కుక్కకు ఎక్స్‌రే తీసిన పశువుల డాక్టరు రెండు తుంటి కీళ్లూ అరిగిపోయాయని చెప్పాడు. కోపం కాదు, నొప్పి అన్నాడు. మాత్రలు రాశాడు, బరువు తగ్గించమన్నాడు, టైల్స్ మీద కాళ్లు జారకుండా మ్యాట్లు పరవమన్నాడు. మసాజ్ లాంటివి చేయించవచ్చా అని నేను అడిగితే, తెలిసినవాళ్లతో చేయించండి, మాత్రలు మాత్రం ఆపొద్దు అన్నాడు.

కుక్క నొప్పికి కారణం తెలిసింది. అక్క భయానికి కూడా కారణం తెలుసు, అయినా అది పోలేదు. కుక్క నడవలో అడ్డంగా పడుకుంటే, అక్క బెడ్‌రూమ్ నుంచి నాకు ఫోన్ చేసేది, వచ్చి దాన్ని లేపమని. అన్నం గిన్నె కాలితో జరిపేది. ఇది నాకంటే ముందు బావ గమనించాడు. ఆయన గొంతు పెంచే మనిషి కాదు. ఒకరోజు ఒక్కడే బైక్ మీద ఊరి బయట ఆనేకల్ వైపు వెళ్లి, వయసైన కుక్కలను ఉంచుకునే ఒక తోట చూసి, వచ్చే నెల మొదటి తేదీ నుంచి ఒక గది మాట్లాడి వచ్చాడు. రాత్రి భోజనాల దగ్గర ఆ సంగతి చెప్పాడు.

అక్క కంచంలో చెయ్యి ఆపింది. "ఇన్నేండ్లు నాతో ఉండాది. ఒక్కసారి కరిస్తే పంపిస్తావా?"

"కరిచిందని కాదు. నీ ఇంట్లో నువ్వే గోడ పట్టుకొని నడుస్తాండావు. అది నేను సూడలేకపోతాండా."

చివరికి షరతు పెట్టింది కూడా అక్కే: ఆ నెల ఆఖరులోగా భయం లేకుండా దాని మీద చెయ్యి వేయగలిగితే కుక్క ఉంటుంది, లేకపోతే తనే తీసుకెళ్లి దింపుతుంది. మసాజ్ ఆవిడ నంబరు పట్టుకున్నది నేను.

ఆవిడది తాతల కాలంలో హిందూపురం వైపు నుంచి వచ్చి బెంగళూరులో స్థిరపడిన కుటుంబం. చాలా ఏళ్లు ఆసుపత్రిలో మనుషులకు ఫిజియోథెరపీ చేసి, తర్వాత కుక్కలకూ పిల్లులకూ మారిందట. మనుషులు ఎక్కువ మాట్లాడతారు, అందుకే మారాను అని చెప్పింది. ఆ శనివారం వచ్చీ రాగానే పని మొదలుపెట్టలేదు. కుక్కకు వీపు పెట్టి కూర్చుని కాఫీ తాగింది. నేను గంటకు ఇంత అని మాట్లాడుకున్న విషయం గుర్తొచ్చి గడియారం చూశాను. కుక్కే లేచి వచ్చి ఆవిడ జుట్టు వాసన చూసింది. అప్పుడు ఆవిడ చేతిని వెనక్కి తిప్పి, వేళ్ల వెనక భాగంతో దాని భుజం తాకింది.

ఆ తర్వాత చేసినదంతా నాకు ఒక పద్ధతిలాగే కనిపించింది. నొప్పి లేని చోట మొదలుపెట్టడం. ఒక చెయ్యి కదులుతుంటే రెండోది ఒకచోట నిలిపి ఉంచడం. చేతిని గాల్లోకి ఎత్తి మళ్లీ దించకుండా వెంట్రుకల మీదుగానే జరపడం. తుంటి దగ్గరకు వచ్చేసరికి కుక్క చర్మం వణికింది, నాలుకతో మూతి నాకింది. ఆవిడ వెంటనే చేతిని భుజానికి జరిపేసింది.

"పాప వద్దంటా ఉండాది. మనం వినాలప్పా," అంది.

చివర్లో ఇత్తడి గిన్నెను పుల్లతో కొట్టి, అది మోగుతుండగానే కుక్క వెన్ను పొడవునా పైన తిప్పింది. ఫలితం ఏమీ కనిపించలేదని నేను చెప్పాను. నీకు వినిపించలేదు, అంతే అని గిన్నె సంచిలో పెట్టేసుకుంది.

చేతి ఒత్తిడి ఎంత ఉండాలి అని అడిగాను. ఇడ్లీ ఉడికిందా లేదా అని వేలితో చూస్తారు కదా, అంత అంది. అది కొలత కాదు. బావ ఓట్స్ తూచుకోవడానికి కొన్న డిజిటల్ తూకం వంటింట్లోంచి తెచ్చి ఆవిడ ముందు పెట్టాను. నవ్వుతూనే నొక్కింది. రెండు వందల గ్రాములకు అటూ ఇటూ చూపించింది. బావ నొక్కితే ఆరు వందలు దాటింది.

"మీరు ఇడ్లీ జోలికి పోవద్దప్పా, వడ అయిపోతాది," అంది ఆవిడ.

అక్కను పిలిచాం. వచ్చి, వంగి, చెయ్యి పెట్టింది. తూకం సున్నా దగ్గరే ఉంది. చెయ్యి ఆనలేదు, పైనే ఆగింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఆ తర్వాత సాయంత్రాలు అక్క తూకం మీద సాధన చేసింది. నేను పక్కన కూర్చుని ఎక్కువ, తక్కువ అని చెప్పేవాణ్ని. త్వరగానే చెయ్యి రెండు వందల దగ్గర కుదురుకుంది. ఆవిడ మళ్లీ వచ్చిన రోజు అక్క మొదటిసారి కుక్క పక్కన కూర్చుంది. చెయ్యి చాచింది. కుక్క ఆ చేతిని చూసింది, మూతి నాకింది, లేచి బాల్కనీలోకి వెళ్లిపోయింది.

ఆవిడ తూకాన్ని పక్కకు తోసింది.

"ఈ మిషన్ నీకొక చెడ్డ అలవాటు నేర్పింది. చెయ్యి వైపే చూస్తా ఉండావు. నువ్వు గుడ్లప్పగించి చూస్తే పాపకి భయం గాదా? చెయ్యి దాని పని అది చేసుకుంటాది. నువ్వు కిటికీ చూడు."

తూకాన్ని వంటింట్లో దాని చోట పెట్టేశాను. అంకె చూడాలంటే కిందికి చూడాలి, కిందికి చూడటమే ఇక్కడ ఇబ్బంది. నాకది తట్టలేదు. అక్క ఆ రోజు మళ్లీ ప్రయత్నించలేదు. బావ కుక్క టీకాల కాగితాలు తీసి ఒక కవర్లో పెట్టాడు.

ఈలోగా కుక్క కొంత మెరుగైంది. లేచేటప్పుడు కాళ్లు జారడం లేదు. ఉదయం నేను వేడినీళ్ల బ్యాగు పెడితే ఉంచనిస్తోంది. అయితే మాత్రలు, మ్యాట్లు, తగ్గించిన తిండి, మసాజ్ అన్నీ ఒకేసారి మొదలయ్యాయి. ఏది ఎంత పనిచేసిందో విడదీసి చెప్పడం కుదరదు. ఆవిడ మసాజ్ అంటుంది, డాక్టరు మాత్రలు అంటాడు.

నెలలో ఆఖరి ఆదివారం ఇంట్లో పితికిపప్పు కూర చేద్దామనుకున్నాం. చిక్కుడు జాతి అనపకాయల కాలం. ముందురోజే గింజలు నానబెట్టింది అక్క. టీవీ పెట్టుకుని, హాల్లో మ్యాట్ మీద గోడకు ఆనుకుని కూర్చుంది. ఒక పక్క గింజల గిన్నె, ఇంకో పక్క తూకం, దాని మీద ఖాళీ గిన్నె. అరకిలో పప్పు కావాలని లెక్క. గింజను రెండు వేళ్ల మధ్య పట్టి నొక్కితే తొక్క వేళ్లకు మిగిలి, పప్పు గిన్నెలోకి జారుతుంది. ఎక్కువ నొక్కితే నలుగుతుంది. నేను సోఫాలో, బావ డైనింగ్ టేబుల్ దగ్గర ఉన్నాం.

కుక్క నడవలోంచి వచ్చి, రెండుసార్లు తన చుట్టూ తాను తిరిగి, అక్క మోకాలికి తుంటి ఆనించి పడుకుంది. అక్క వేళ్లు ఆగిపోయాయి. నేను లేవబోతే, బావ కూర్చోమని చేత్తో సైగ చేశాడు.

అక్క టీవీ వైపే చూస్తోంది. అందులో ఎవరో టమోటాలు తరుగుతున్నారు. తడి చెయ్యి చున్నీకి తుడుచుకుని, వేళ్ల వెనక భాగం కుక్క భుజానికి ఆనించింది. ఒక చెవి వెనక్కి తిరిగింది. చెయ్యి అక్కడే కొంతసేపు ఉండి, అరచెయ్యిగా మారి, వెన్ను వెంట కిందికి వెళ్లింది. తుంటికి ముందు ఆగి మళ్లీ భుజానికి జరిగింది. ఇంకోసారి అలాగే చేసింది. ఆ తర్వాతిసారి ఆగలేదు. కుక్క వెనక కాలు పూర్తిగా చాపి, ముక్కులోంచి పొడుగ్గా గాలి వదిలింది.

"ఇక్కడ రాయి మాదిరి ఉండాది రా," అంది అక్క, టీవీ మీద నుంచి చూపు తిప్పకుండా.

"ఎక్కడ?"

"నడుం పక్కన. కండ బిగుసుకుపోయుండాది. ఎన్నాళ్ల నుంచి మోస్తాందో ఇది."

అక్కడే వేళ్లు నిలిపి నొక్కుతూ ఉండిపోయింది. బావ ఫోన్ తీసుకుని బాల్కనీలోకి వెళ్లాడు. తలుపు వేసుకోలేదు కాబట్టి వినిపించింది.

"అన్నా, ఆ గది ఇంకెవరికన్నా ఇచ్చేయండి... లేదన్నా, ఇంట్లోనే ఉంటాది."

లోపలికి వచ్చి, పప్పు అయిందా అని మాత్రం అడిగాడు. నువ్వు పితుకుపో అంది అక్క. ఆయన ఎదురుగా కూర్చుని ఒక గుప్పెడు గింజలు నలగ్గొట్టాక, వదిలెయ్ సామీ, ఇది పప్పు కాదు పచ్చడి అవుతాంది అని లేపేసింది. నన్ను పితకమని అడగలేదు, నేనూ పితుకుతాననలేదు. తన చెయ్యి మాత్రం కుక్క మీద నుంచి తీయలేదు. గిన్నెలో ఉన్నంతవరకే కూర వండాం. తూకం మీద అంకె మూడు వందల పది గ్రాములు.